పెట్టె అడుగున దొరికిన జాబు



మీ ఇంటిలో పాత కాగితముల పెట్టె ఒకటి ఉండును గదా. పొలము దస్తావేజులు, పెండ్లి పత్రికలు, దూరము పోయిన బిడ్డలు వ్రాసిన జాబులు దానిలో ఉండును. మన తరువాతివారు దానిని తెరచినప్పుడు, మనము ఎవరి పక్షమున నిలిచితిమో ఆ కాగితములే చెప్పును. అట్టి ఒక పెట్టెను గూర్చియు, నా పెట్టెను గూర్చియు ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను.

అమెరికాలో జాన్ బ్రౌన్ అను మనుష్యుడు ఉండెను. 1800లో పుట్టి, తోళ్ళు పదునుచేసి, గొఱ్ఱెలు మేపి, ఉన్ని వర్తకము చేసి బ్రదికినవాడు. ఇరువదిమంది బిడ్డల తండ్రి. ఆ దినములలో ఆ దేశపు దక్షిణ భాగమున నల్లవారిని పశువులవలె కొని, అమ్మి, ప్రత్తి చేలలో పని చేయించుచుండిరి. 1860 నాటికి అట్టి బానిసలు ఇంచుమించు 40 లక్షలమంది. వారి విడుదల కొరకు బ్రౌన్ కత్తి పట్టెను. 1856లో కాన్సాసులో ఆయనయు ఆయన మనుష్యులును బానిసత్వ పక్షమువారిని అయిదుగురిని రాత్రివేళ ఇండ్లనుండి తెచ్చి చంపిరి. 1859 అక్టోబరులో 21 మందిని వెంటబెట్టుకొని, హార్పర్సు ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధశాలమీద పడెను. ఆయన కుమారులిద్దరు అచ్చట చనిపోయిరి. ఆ దాడిలో మొదట ప్రాణము పోగొట్టుకొన్నవాడు రైలుస్టేషనులో పనిచేయు ఒక నల్లవాడే. డిసెంబరు 2వ తేదీన బ్రౌనును ఉరితీసిరి.

ఆయన జాబులు నేటికిని భద్రముగా ఉన్నవి. కాన్సాసులోను, వెస్టు వర్జీనియా రాష్ట్రపు దస్తావేజుల భాండారములోను వాటిని దాచియున్నారు. మా అమ్మాయి కొన్నిటిని తన ఫోనులో తెరచి చూపగా, వాడరేవు ఒడ్డున వలలు బాగుచేయువారి మధ్య కూర్చుండి చదివితిని.

1857లో బ్రౌన్ ఒక చిన్నవానికి తన బాల్యమును గూర్చి జాబు వ్రాసెను. తాను పండ్రెండేండ్ల ప్రాయమున పశువులను తోలుకొనిపోయి ఒక పెద్దమనిషి ఇంట బస చేసెనట. ఆ గృహస్థుడు ఇతనిని ఎంతో ముద్దుచేసి, మంచి భోజనము పెట్టి, వచ్చినవారందరియెదుట పొగడెను. అదే ఇంటిలో అదే ఈడు నల్ల పిల్లవాడొకడు బానిసగా ఉండెను. వానికి కడుపునిండ తిండి లేదు, చలికి గుడ్డలేదు. ఆ పెద్దమనిషి వానిని ఇనుప పారతో కొట్టుట బ్రౌన్ కన్నులార చూచెను. తల్లియు తండ్రియు లేని అట్టి బిడ్డలకు దిక్కెవరని ఆ దినమునుండి ఆలోచించితినని ఆయన వ్రాసెను.

ఇది చదివి నేను ఫోను మూసివేసితిని. ఎందుకో చెప్పెదను.

ముప్పది సంవత్సరముల క్రితము, సెమినరీ ముగించి, మిరప పండు పల్లెలలో ఒక సంఘమునకు క్రొత్తగా వెళ్లితిని. మన విశ్వాసి ఒకడు నాలుగువేల రూపాయల అప్పుకు తన పండ్రెండేండ్ల కుమారుని ఒక ఆసామి ఇంట జీతమునకు పెట్టెను. వడ్డి పెరిగెనేగాని అప్పు తరుగలేదు. ఆ ఆసామి మన గుడికి రేకులు ఇచ్చినవాడు. నేను వెళ్లినప్పుడెల్ల అరుగుమీద కుర్చీ వేయించి కాఫీ ఇప్పించెడివాడు. ఆ పిల్లవాడు అవతల కొట్టములో పేడ ఎత్తుచుండెడివాడు. నేను కాఫీ త్రాగితిని.

ఒకనాడు ఆ తల్లి బడిపిల్ల చేత వ్రాయించి ఒక జాబు పంపెను. “అయ్యగారూ, మావోణ్ణి కొడతన్నారంట. మీరొక్క మాట సెప్తే ఆసామి ఇంటాడు.” ఇట్టి అప్పు చెల్లదనియు, అట్లు కట్టుబడినవారు స్వతంత్రులనియు 1976లోనే ఈ దేశములో చట్టమాయెను. అది నేనెరుగుదును. అయినను రేకులు తలచుకొంటిని. ప్రార్థించెదనని కబురు పంపి, జాబును పెట్టెలో వేసితిని.

బ్రౌన్ పట్టిన కత్తిని నేను మెచ్చను. చెరసాలనుండి ఒక క్వేకరు సహోదరికి వ్రాసిన జాబులో, పేతురు చేతివలె తన చేతికిని క్రీస్తే కత్తి ఇచ్చి, తగిన కాలమున తీసికొనెనని ఆయన తలంచెను. అయితే ప్రభువు పేతురుతో కత్తి ఒరలో పెట్టుమని చెప్పి, తెగిన చెవిని బాగుచేసెను గదా. కాన్సాసులో ఆ రాత్రి విధవలైన స్త్రీలకు ఏ జాబును జవాబు కాదు.

కత్తి లేని మార్గము మన ప్రాంతమే చూచినది. 1864లో, ఆ దేశములో బానిసత్వమును గూర్చిన యుద్ధము ఇంకను జరుగుచుండగనే, క్లౌ దొరగారు బోస్టనులో ఓడయెక్కి, 1866లో ఒంగోలు చేరిరి. 1877 నాటి గొప్ప కరవులో బకింగుహాము కాలువలో మూడు మైళ్ళకు పైగా గుత్తకు తీసికొని, మాదిగ, మాల జనులకు కూలి పని ఇచ్చిరి; తన బోధకులనే వారిమీద మేస్త్రీలుగా ఉంచిరి. వెట్టి చేయుటకే పుట్టితిమని తలంచినవారు తమ చెమటకు కూలి లెక్కపెట్టి పుచ్చుకొనిరి.

నేనైతే కత్తియు పట్టలేదు, కూలియు ఇప్పింపలేదు. నాది సమాధానము కాదు, మౌనము. బంధకములలో ఉన్నవారిని, మీరును వారితోకూడ బంధింపబడినట్టు, జ్ఞాపకము చేసికొనుడను హెబ్రీ పత్రికలోని హెచ్చరికను బ్రౌన్ న్యాయస్థానములో ఎత్తి చెప్పెను. నేను దానిమీద ఎన్నిమార్లో ప్రసంగించితిని.

మొన్న పాత పెండ్లి రిజిస్టరు వెదకుచుండగా ఆ జాబు పెట్టె అడుగున కనబడెను. ఆ తల్లి గతించినది. కుమారుడు చీరాలలో ఆటో నడుపుచున్నాడు. వెళ్లి కాగితము చేతిలో పెట్టి, నన్ను క్షమించుమని అడిగితిని. అతడు చాలసేపు చూచి, “ఇన్నాళ్ళూ దాశారా అయ్యగారూ? మీరొస్తారని మాయమ్మ రెండాదివారాలు గుమ్మంలోనే కూర్చుంది” అనెను. క్షమించితినని అనలేదు. నేను మరల అడుగలేదు.

ప్రియులారా, ఈ కోతలకాలమున దూరపు ఊళ్ళనుండి కూలివారు బిడ్డలతో మన మిరప చేలకు వచ్చెదరు. అప్పుకు కట్టుబడిన బిడ్డ ఎవడైన మీ కంటబడినయెడల, ప్రార్థించుడి. ప్రార్థించి లేచి, కలెక్టరుగారికి అర్జీ వ్రాయుడి. వ్రాయుట రానివారు మీ పాస్టరుచేత వ్రాయించుడి. గుడికి రేకులు ఇచ్చినవాడు ఎవడని చూడకుడి. వాన కురిసినను కురియనియ్యుడి.

మనకు వచ్చిన జాబులకు జవాబు చెప్పు ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.