పేరు తప్పు ఎవరిది?

నా పేరు పెంచలయ్య. యీ నాలుగక్షరాలూ సరిగా పలికేవాళ్లు నెల్లూరు జిల్లా దాటితే అరుదు. ఒకరికి నేను పాంచాలయ్యను. మరొకరు వెంకటయ్య అయివుంటుందని తామే దిద్దుతారు. ‘పెంచాలయ్యా’ అని దీర్ఘం తీసి, పెంచవలసింది జీతాలా అద్దెలా అని నవ్వినవాళ్లూ వున్నారు.

మా వైపు యిది వింత పేరు కాదు. రాపూరు దగ్గర పెంచలకోనలో నరసింహస్వామి గుడి వుంది. పెనుశిల అన్న మాటే జనం నోట పెంచల అయిందంటారు. ఆ స్వామికి మొక్కుకుని కన్న బిడ్డలు పెంచలయ్యలు, పెంచలమ్మలు. సముద్రపు వొడ్డున మా వూళ్లో ‘పెంచలయ్యా’ అని కేకేస్తే నలుగురు పలుకుతారు. మొక్కు మీద నాకు నమ్మకం లేదు. మొక్కిన అమ్మ మీద వుంది. అందుకే పేరు మార్చుకోలేదు.

అయితే నవ్వుతో పోయే తప్పు వేరు, కూటికి అడ్డం వచ్చే తప్పు వేరు. మా నాయన పేరు చెంచయ్య. ఆయన పోయాక అమ్మ వితంతు పింఛనుకు అర్జీ పెట్టింది. మరణ ధ్రువపత్రంలో నాయన పేరు ఇంగ్లీషులో ఒక విధంగా, రేషను కార్డులో మరొక విధంగా వుంది. ఒకచోట ‘అయ్య’ను ‘వై’తో రాశారు, మరొకచోట ‘ఐ’తో, చివర ‘హెచ్’ తగిలించి. యిద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నాడు గుమాస్తా. చేపల గంప పక్కన పెట్టి ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతి రోజూ అమ్మకు కూలి పోయినట్టే. ఒకనాడు వసారాలో కూలబడి అంది: “నా మొగుడు నా మొగుడేనని యెవురు జెప్పాల నాయనా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలుగులో చెంచయ్యను ఒకే తీరుగా రాస్తాం. తెలుగువాళ్ల రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టమూ వచ్చింది. 2008లో మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆ జిల్లాలోనే ఒక బెస్తవాడి పేరు ఇంగ్లీషులో కుదరలేదని అతని భార్యకు పింఛను ఆగింది. శ్రీరాములు పేరులోని ‘శ్రీ’నీ ఇంగ్లీషులో రెండు విధాల రాస్తున్నారు. దానికి అఫిడవిట్ అడిగేవాడు మాత్రం లేడు.

కనుక యిది అక్షరాల గొడవ ఒక్కటే కాదు. 1913లో అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి తన పేరులోని కులాన్ని తానే తీసివేసి సుందరయ్య అయినారు. అది గొప్ప త్యాగం. కాని వదులుకోవాలంటే ముందు వుండాలి కదా! మా నాయనకు పెట్టిన ‘అయ్య’ సైతం పిలుపులో దక్కలేదు. రొయ్యల గుంటల ఆసామి ఆయన్ను చివరిదాకా “ఒరే చెంచిగా” అనే పిలిచాడు. ఆ ఆసామి పేరును ఆఫీసులో ఎవరూ తప్పు రాయలేదు. అనుమానం వస్తే లేచి నిలబడి అడిగి మరీ రాశారు.

యింత చెప్పే నేను కూడా నిర్దోషిని కాను. ఉపాధ్యాయుడిగా చేరిన కొత్తలో ఒక యానాది పిల్ల పేరు పోలమ్మ అంటే, మోటుగా వుందనుకుని హాజరుపట్టీలో పూలమ్మ అని రాశాను. సంస్కరించాననే అనుకున్నాను. యేడాది పొడుగునా ఆ పిల్ల మెల్లగా పలికేది. పరీక్ష కాగితం మీద మాత్రం పోలమ్మ అనే రాసుకున్నది. అది చూసిన రోజున గుమాస్తా ముఖం, ఆసామి ముఖం, నా ముఖం పక్కపక్కన కనబడ్డాయి.

ఇప్పుడు బడి తెరిచిన మొదటి రోజున పిల్లలను తమ పేర్లు తామే బల్ల మీద రాయమంటాను. దాన్ని చూసి పట్టీలో యెక్కిస్తాను. ఆఫీసులనూ అడగవలసింది యిదే: మనిషిని అడగండి, అతని భాషలో రాయండి, తప్పు మీదైతే దాని ఖర్చు అతని మీద వేయకండి. అమ్మకు అయిదు నెలల తర్వాత పింఛను వచ్చింది. ఆ కాగితంలో నాయన పేరు మూడో విధంగా వుంది.