అమ్మకు డ్రైవింగ్ వస్తే

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న మా ఫ్రిస్కోలో ఆగస్టు వచ్చిందంటే అపార్ట్‌మెంట్ల చెత్తకుండీల పక్కన కొత్త పరుపుల అట్టపెట్టెలు గుట్టలు పడతాయి. బడి తెరిచేలోగా ఇల్లు దొరకాలని ఇండియా నుంచి దిగిన కుటుంబాలన్నీ ఉరుకులు పరుగుల మీద ఉండే నెల అది. ఇక్కడ ఏ వీధిలో ఉంటే ఆ వీధికి రాసిపెట్టిన బడి. డొనేషన్ లేదు, సిఫారసు లేదు. అద్దె అగ్రిమెంటు, పిల్లల పాస్‌పోర్టు, టీకాల కాగితం ఉంటే పని జరిగిపోతుంది. ఆ టీకాల కాగితం దగ్గరే మనవాళ్ళ బండి ఆగుతుంది. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఏ టీకాలు మన సర్కారు దవాఖానాల్లో పిల్లలకు వేసే జాబితాలో లేవు, టెక్సస్ బడులు మాత్రం అడుగుతాయి. విమానం ఎక్కకముందే వేయించి, తేదీలు రాయించి, డాక్టరు సంతకం పెట్టించుకుని రండని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతుంటాను.

ఇంకో కాగితం ఉంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఏ భాష మాట్లాడతాడు అని బడివాళ్ళు అడిగే ఫారం. మన తండ్రులు చాలామంది ఆ గళ్ళలో కళ్ళు మూసుకుని ‘ఇంగ్లిష్’ అని నింపేస్తారు. పక్కన వంటింట్లోంచి “ఏమండీ, వాడు పెరుగన్నం తిన్నాడా?” అని కేక వినిపిస్తూనే ఉంటుంది. ఇలా ఇంగ్లిష్ అని రాయడం వాట్సాప్ గ్రూపుల పుణ్యం. తెలుగు అని రాశారో పిల్లవాణ్ణి ఇంగ్లిష్ రానివాళ్ళకు రెండో భాషగా నేర్పే ఈఎస్‌ఎల్‌లో పడేస్తారు, అందులో పడ్డవాడు ఇక పైకి రాడు అని ఒకరి నుంచి ఒకరికి పాకిన భయం. హైదరాబాదులో లక్షలు పోసి ఇంటర్నేషనల్ స్కూల్లో చదివించాం, మావాడికి ఇంగ్లిష్ రాదంటారా అని ఆ భయం పక్కనే కాస్త పౌరుషం.

అసలు ఈ ఫారం వెనక ఓ పోరాటమే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని దాదాపు 1,800 మంది చైనీస్ పిల్లలను ఏ సాయమూ లేకుండా మామూలు తరగతుల్లో కూర్చోబెట్టారు. వాళ్ళ కుటుంబాలు కోర్టుకెక్కాయి. ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చదువు చెప్పినట్టు కాదని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పిల్లలు గెలిచిన సాయాన్నే మనం ఒక్క గడి తప్పు నింపి వదులుకుంటున్నాం. నిజం రాస్తే జరిగేది ఇంతే: నాలుగు వారాల్లోపు పిల్లవాడికి పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ వస్తే సరే. రాకపోతే అందుకు శిక్షణ ఉన్న టీచరు చూసుకుంటారు, ఏటా వసంతకాలంలో టెల్పాస్ పరీక్షతో వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం ఎంత మెరుగయ్యాయో కొలుస్తారు. అక్కర్లేదనుకుంటే వద్దని రాసిచ్చే హక్కు తల్లిదండ్రులకు ఉంటుంది. ఏదీ చెరగని ముద్ర కాదు.

వాడికి ఇంగ్లిష్ వచ్చు, అందులో అబద్ధం లేదు. పదిహేడో ఎక్కం గడగడా చెప్పి, వ్యాసం తప్పుల్లేకుండా రాయగలడు. కానీ “ఇన్‌డోర్ రీసెస్” అని టీచరు అన్నప్పుడు అందరూ బయటికి వెళ్ళకుండా గదిలోనే ఆటలెందుకు మొదలుపెట్టారో తెలీదు. పొద్దున్నే అమెరికా జెండాకు ప్రమాణం, వెంటనే టెక్సస్ జెండాకు ఇంకో ప్రమాణం, ఆపైన ఒక నిమిషం మౌనం. మొదటి వారం పక్కవాడి చెయ్యి ఎక్కడుందో చూసి తన చెయ్యి గుండె మీద పెట్టుకోవడానికే సరిపోతుంది. పిచ్చి సాక్సుల రోజు వస్తుంది, బడి మొదలై నూరు రోజులైతే పిల్లలు నూరేళ్ళ ముసలివాళ్ళ వేషం వేసే రోజు వస్తుంది. ఆ రోజుల గురించి బడి పంపిన ఈమెయిల్ ఇంట్లో ఎవరూ చదవకపోతే రంగురంగుల సాక్సుల మధ్య ఒక్కడే తెల్ల సాక్సుల్లో నిలబడాల్సి వస్తుంది వాడికి. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్ళు, ఒక్కోసారి నెలల తరబడి, నోరు విప్పకుండా వింటూనే ఉంటారని స్టీఫెన్ క్రాషెన్ చెప్పాడు. ఆటల్లో పనికొచ్చే మాటలు ఒకటి రెండేళ్ళలో వచ్చేస్తాయి, పాఠం అర్థమై తోటివాళ్ళతో సమంగా రాయడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని జిమ్ కమిన్స్ లెక్క. మూడో నెలలోనే “వీడు క్లాసులో మాట్లాడడం లేదట” అని నాకు ఫోన్ చేసే తల్లులకు ఈ రెండు పేర్లూ ఒప్పజెబుతాను. పేర్లు చెబితే నమ్ముతారు. నా మాటంటే అంత గురి లేదు.

మొత్తానికి పిల్లల సంగతి చూసుకోవడానికి బడి ఉంది, చట్టం ఉంది. తల్లి సంగతి చూసేవాళ్ళెవరు?

భర్త హెచ్-1బీ వీసా వెంట హెచ్-4 మీద వచ్చిన అమ్మాయి మామూలుగా ఉద్యోగం చేయడానికి లేదు. 2015లో వచ్చిన నిబంధనతో కొందరికి అనుమతి దొరుకుతోంది గానీ, దానికి భర్త గ్రీన్‌కార్డు దారిలో మామూలుగా ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం దాకా వెళ్ళి ఉండాలి. కొత్తగా దిగినవాళ్ళకు అది దూరపు మాట. డాలస్‌లో తిరిగే డార్ట్ రైలు ఫ్రిస్కో దాకా రాదు. ఆగస్టు ఎండ నలభై డిగ్రీలు. ఎదురుగా కనిపించే కిరాణా కొట్టుకు ఆరు లేన్ల రోడ్డు అడ్డం. మొగుడు పొద్దున్నే కారేసుకుని ఆఫీసుకు పోతే, నిన్నటిదాకా స్కూటీ మీద ఊరంతా చుట్టొచ్చిన మనిషి మూడో అంతస్తులో కూర్చుని బాల్కనీలోంచి పార్కింగ్ చూస్తుంటుంది. పిల్లవాణ్ణి పుట్టినరోజుకు పిలిస్తే “వీకెండ్ డాడీ ఖాళీగా ఉంటే వెళ్దాం.” లైబ్రరీలో కథల గంట బుధవారం పొద్దున, డాడీకి మీటింగు. టీచరుతో మాట్లాడే పని తండ్రే ఫోన్లో కానిచ్చేస్తాడు. పిల్లవాడి స్నేహాలు అమ్మ కాలు సాగినంత మేరే సాగుతాయి. వాడు కలవడం లేదని బెంగపెట్టుకునే ముందు ఆమె ఎవరిని కలుస్తోందో అడగాలి.

అడిగితే, మనవాళ్ళనే అంటుంది. తప్పేం లేదు. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, ఇడ్లీ పిండి అమ్మే కొట్టుంది, పక్క ఫ్లాటులో వరలక్ష్మీ వ్రతానికి పిలుపు ఉంటుంది. ఒంటరితనంతో మనిషి కుంగిపోకుండా కాపాడేది అదే. కాకపోతే ఆ ఊరటలోనే ఏళ్ళు దొర్లిపోయినవాళ్ళు నాకు తెలుసు. బడిలో వాలంటీరుగా రమ్మంటే “అమ్మో, నా ఇంగ్లిష్‌తోనా?” అంటారు. ఆన్‌లైన్లో ఫారం నింపి, బడివాళ్ళు మన వివరాలు సరిచూసుకున్నాక అక్కడ చేయించేది లైబ్రరీ పుస్తకాలు అరల్లో సర్దడం, రంగు కాగితాలు కత్తిరించడం. దానికి షేక్‌స్పియర్ అక్కర్లేదు.

డాలస్‌లో వికరీ మెడో అని ఒక పేట ఉంది. బర్మా, భూటాన్, ఇరాక్, కాంగో, 2021లో కాబూల్ పడిపోయాక అఫ్గానిస్తాన్, ఇలా ఎక్కడెక్కడి శరణార్థులో అక్కడ సర్దుకున్నారు. వాళ్ళకు తోడుగా నిలబడి బడిలో చేర్పించడానికి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి సంస్థలు, చర్చిలు, వాలంటీర్లు పనిచేశారు. హెచ్-1బీ జీతం ఉన్న ఇంటికి అలా ఎవరూ రారు. రానక్కర్లేదు కూడా, వాళ్ళ కష్టంతో మన కష్టానికి పోలిక లేదు. ఈ ఇంటికి కావలసింది డబ్బు కాదు, పక్క సీట్లో భయపడకుండా కూర్చునే మనిషి. ఉగాదికి సినిమావాళ్ళను రప్పించడానికి మన సంఘాలు పడే ప్రయాసలో పదో వంతు పడినా ప్రతి అపార్ట్‌మెంటుకూ ఒక డ్రైవింగ్ నేర్పే మనిషిని పెట్టొచ్చు. చెప్పి చూశాం. ఫోటోలకు బాగుండదనుకుంటా.

అందుకని మేం కొందరం ఆడవాళ్ళం ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్లలో ఆ పని పెట్టుకున్నాం. మన లైసెన్సుతో ఇక్కడ తొంభై రోజులు నడపొచ్చు. ఆ గడువు జెట్‌లాగ్‌లోనూ మొహమాటంలోనూ గడిచిపోకముందే మొదలుపెట్టించాలి. భర్తలు నేర్పితే ఎక్కువగా కొట్లాటలే అవుతాయి, అందుకే వాళ్ళను ఇంట్లో దోసెలు పోయమని వదిలేస్తాం. మొన్న వేసవిలో నేర్పిన సిద్దిపేట అమ్మాయి నాలుగు దిక్కులా స్టాప్ బోర్డులున్న కూడలిలో కారాపి నా వైపు తిరిగింది.

“అందరం ఆగినం గద వదినా. ఇప్పుడు ముందుగాల ఎవరు పోవాలె?”

“ముందొచ్చి ఆగినవాళ్ళు.”

“గది నేనెట్ల యాది పెట్టుకోవాలె? బండి నడుపాల్నా, లెక్క రాసుకోవాల్నా?”

ఎదుటి ట్రక్కాయన పోనిమ్మని చెయ్యి ఊపాడు. ఈమె బదులుగా నమస్కారం పెట్టింది. రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసి. ఆ రోజు నా ప్రాణం ఎక్కడికి పోయి వచ్చిందో చెప్పలేను. స్కూలు బస్సు ఎర్ర బోర్డు చాపిందంటే, మధ్యలో డివైడరు లేని రోడ్డు మీద ఎదుటి నుంచి వచ్చేవాళ్ళు కూడా ఆగాలన్నది మాత్రం ఆమెకు ఒక్కసారికే పట్టుబడింది. “మంచి పద్ధతి” అంది. పరీక్షలో ప్యారలల్ పార్కింగ్ దగ్గర ఒకసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది.

లైసెన్సు చేతికొచ్చాక ఆమె మొదట చేసిన పని లైబ్రరీలో ఇంగ్లిష్ మాట్లాడించే బృందంలో చేరడం. అక్కడ వెనిజులా నుంచి వచ్చిన ఒకావిడ జత కలిసింది. ఇద్దరి ఇంగ్లిషూ అంతంతే కాబట్టి ఒకరి ముందు ఒకరికి సిగ్గు లేదు. ఇద్దరి పిల్లలూ ఒకే బడి. సాయంత్రాలు వంతులేసుకుని తీసుకొస్తున్నారు. వీళ్ళబ్బాయి ఈఎస్‌ఎల్‌లోనే ఉన్నాడు, ఆ వెనిజులా ఆవిడ కూతురితో మాత్రం కారు వెనక సీట్లో నోరు మూయడు. సిద్దిపేట అమ్మాయి ఇప్పుడు నాకు పంపే మెసేజీలన్నీ ఒకటే రకం. పికప్ లైన్లో ఫోన్ చూసుకుంటూ ముందుకు కదలనివాళ్ళ మీద ఫిర్యాదులు, కారు రంగుతో సహా.