బాకీ

మా అబ్బా ఇంతెఖాల్ అయిన నలభయ్యో రోజు. చాలీస్వాఁ ఫాతెహా అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. వాకిట్లో దేగులు కడుగుతున్న చప్పుడు. భాయీజాన్ లోపలి గదిలోంచి ఇనప సందూక్‌ని వరండాలోకి లాక్కొచ్చాడు. మూత తీస్తే పైన ఒక పాత లుంగీ. దాని కింద పద్నాలుగు గ్రామఫోన్ ప్లేట్లు. పక్కన బిస్కెట్ల డబ్బాలో క్యాసెట్లు.

"ఇవి కబాడీకి ఇచ్చేద్దాం," అన్నాడు భాయీజాన్. "అబ్బా వెళ్లిపోయారు. ఈ గానా బజానా ఇంట్లో పెట్టుకుని ఆయన ఖబర్ మీద బోజ్ ఎందుకు?"

భాయీజాన్ కోపంతో అన్న మాట కాదది. కువైట్ నుంచి వచ్చాక ఆయన దీన్ మీద గట్టిగా నిలబడ్డాడు. చాలీస్వాఁ చెయ్యడం కూడా ఆయనకి ఇష్టం లేదు, అమ్మీ కోసం ఒప్పుకున్నాడు. అబ్బా ఆఖిరత్ గురించి నిజంగానే భయపడుతున్నాడు. సంగీతం జాయెజా, నాజాయెజా అన్న బహస్ ఉలమాలు వందల ఏళ్లుగా చేస్తున్నారు. అందులో తలదూర్చే తాహత్ నాకు లేదు. "నాకిచ్చెయ్ భాయీజాన్. వీటి హిసాబ్ నేనిచ్చుకుంటాను," అన్నాను. ఆయన చాలాసేపు ఖామోష్‌గా ఉండిపోయాడు. తర్వాత సందూక్‌కి తాడు కట్టి, తనే మోసుకెళ్లి ఆటోలో పెట్టాడు.

మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి సందూక్ ఒకటి ఉండే ఉంటుంది. అందులో ఖవ్వాలీలో, నాతులో, రఫీ సాహెబ్ పాటలో ఉంటాయి. మా అబ్బా సందూక్‌లో మాత్రం ఎక్కువగా ఫిడేలు ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు.

అబ్బాకి విజయనగరం గంటస్తంభం దగ్గర వాచీల రిపేరు కొట్టు ఉండేది. కొట్టు అంటే ఒక అద్దాల పెట్టె, ఒక స్టూలు, నెత్తి మీద ఒక బల్బు. వాచీ ఇస్తే మూత విప్పకముందు చెవి దగ్గర పెట్టుకునేవారు. "స్ప్రింగ్ బాగుంది, బాలెన్స్ వీల్ తడబడతంది," అని చెప్పేసి, అప్పుడు విప్పేవారు. పక్కనే రేడియో నడుస్తుండేది. ఊళ్లోవాళ్లు నవ్వేవారు: "ఏటి సాయిబుగారూ, ఫిడేలు ఇనుకుంటానే వాచీ సేసేత్తారేటి?" అబ్బా తల ఎత్తకుండానే, "రెండింటికీ కావాల్సింది చెవే కదా బాబూ," అనేవారు.

ఈ షౌక్ అబ్బాకి దాదా నుంచి వచ్చింది. దాదాకి జట్కా బండి ఉండేది. స్టేషన్లో దిగిన విద్వాంసుల్ని మ్యూజిక్ కాలేజీకి తీసుకెళ్లేవాడు. వాళ్లు మళ్లీ బయటకు వచ్చేదాకా గోడ పక్కన గుర్రానికి గడ్డి వేసి కూర్చునేవాడు. సెలవు రోజుల్లో బండి మీద అబ్బా కూడా ఉండేవారు. గోడ అవతల నుంచి వచ్చే ఫిడేలు వింటూ దాదా అన్న మాట ఒక్కటే: "కాన్ లగాకే సున్ బేటా." అబ్బా తాలీమ్ అంతా ఆ ఒక్క మాటే.

ఆ కాలేజీ 1919లో మొదలైంది. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు పెట్టించారు, హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. విశాఖపట్నంలో పెరిగిన ఒక కుర్రవాడు అక్కడికి విద్యార్థిగా చేరడానికి వచ్చాడు. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నాడు. అతని వాయిద్యం విని, షాగిర్ద్‌గా కాదు, ఉస్తాద్‌గా చేర్చుకున్నారు. అప్పటికి నాయుడుగారి వయసు 26. తర్వాత 1936లో ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. పాటగాడి పక్కన కూర్చునే ఫిడేలుని ముందుకు తెచ్చి, దానితోనే కచేరీ అంతా నడిపినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. 1964 నవంబరు 25న వెళ్లిపోయారు.

అబ్బా ఒక మాట చెప్పేవారు, ఫఖర్‌గా. సరిగ్గా అదే బిరుదు 1998లో మన కరవది షేక్ చినమౌలానా సాహెబ్‌కి నాదస్వరానికి వచ్చింది. "సంగీతం ఎవరి చేతిలో ఉందని అడగదు బేటీ, ఆ చెయ్యి ఎంత రియాజ్ చేసిందనే అడుగుతుంది," అనేవారు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. విశాఖలో చదువుతోంది, కీబోర్డు నేర్చుకుంటోంది. దానికి దొరల పియానో అంటే జాన్. ఒకరోజు అబ్బా ప్లేటు పెట్టి వినిపించాను. పది క్షణాలు విని మొహం చిట్లించింది. "అమ్మీ, ఏంటీ గరగర? ఇంతకన్నా శుభ్రమైన రికార్డింగులు ఫోన్లో బోలెడున్నాయి కదా! ఇప్పుడు వాయించేవాళ్లు ఒక్క స్వరం తప్పు పోనివ్వరు. దీన్నే ఎందుకు వినాలి?"

సవాల్ సరైనదే. జవాబు నాకు వెంటనే రాలేదు. ముందు నాకు తెలిసింది చెప్పాను.

ఆ ప్లేటు లక్కతో చేసింది. చేజారితే గాజులా ముక్కలవుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. ఒకే రాగాన్ని గంటసేపు వాయించగల మనిషిని కూర్చోబెట్టి, మూడు నిమిషాల్లో చెప్పు అంటే ఏం చేస్తాడు? ఏది వదలాలో తేల్చుకోవాలి. మధ్యలో గలతీ జరిగితే ఆ ముక్క ఒక్కటీ కోసి అతికించే వీలు లేదు. మైనం పలక మీద సూది గీసుకుంటూ పోతుంది. తప్పితే మొత్తం మొదటి నుంచి. అందుకే ఆ మూడు నిమిషాల్లో మనం వినేది ఒక మనిషి ఒకే కూర్పులో, ఒకే దమ్‌లో చేసిన పని. నేను చెప్పేది గరగర గురించి కాదు. గరగర వెనక వెనక్కి తిరిగే దారి లేని ఒక చెయ్యి ఉంది.

"మరి నీ పియానో, ఈ ఫిడేలు ఒకే ఊరి చుట్టాలు తెలుసా?" అన్నాను. రెండూ విలాయతీ సరుకే. ఫిడేలుని మన కర్ణాటక సంగీతంలోకి తెచ్చింది ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ అంటారు. దొరలు నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని మనవాళ్లు కింద కూర్చుని, కొనని చీలమండ దగ్గర ఆనించుకుని వాయించారు. పియానోకి మెట్లు బిగించి ఉంటాయి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి లేదు. ఫిడేలు తీగ మీద వేలు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది, ఊగుతుంది, జారుతుంది. గమకం లేనిదే మన పాట లేదు. అందుకే మన పక్క ఫిడేలు ఇంటి మనిషైంది, పియానో మెహ్మాన్‌గానే మిగిలింది.

అమ్మాయి ఆలోచనలో పడింది. రాత్రి ఇషా అయ్యాక ఫోన్ పట్టుకుని వచ్చింది. "అయితే నువ్వు కూడా ఇది విను," అంది.

దినూ లిపాట్టి అని రొమేనియా దేశపు పియానిస్టు. 1950 సెప్టెంబరు 16న ఫ్రాన్స్‌లో బెజాన్సాన్ అనే ఊళ్లో ఆఖరి కచేరీ చేశాడు. క్యాన్సర్. నిలబడే ఓపిక లేదు, డాక్టర్లు వద్దన్నారు. మాట ఇచ్చాను, వాయిస్తానని వచ్చాడు. కచేరీ చివర షోపాన్ రాసిన వాల్ట్జులు 14 వాయించాలి. 13 వాయించాడు. పద్నాలుగోదానికి చేతులు రాలేదు. అదే ఏడు డిసెంబరు 2న చనిపోయాడు. వయసు 33. ఆ రికార్డు డెబ్భై ఏళ్లు దాటినా ఇంకా వింటున్నారు.

"మొత్తం 14 తప్పు లేకుండా వాయించినవాళ్లు ఎంతమందో ఉన్నారు అమ్మీ. కానీ మా మేడమ్ దీన్నే వినమంది," అంది.

నేను విన్నాను. పియానో నాకు తెలియదు. కానీ ఆయన ఎక్కడా రహమ్ అడగడం లేదని మాత్రం తెలిసింది. నీరసంగా లేదు, ఏడుపు లేదు. పరుగెత్తే చోట పరుగెత్తుతోంది, నవ్వే చోట నవ్వుతోంది. వినేవాళ్లకి మాత్రం ఇంకో రెండున్నర నెలలే ఉన్నాయని తెలుసు. వాయించే చేతులకు ఆ ఫికర్ లేదు. పదమూడు అయ్యాక వచ్చే ఖాళీ దగ్గర నాకు గొంతు పట్టేసింది. అది లిపాట్టి కోసం కాదు. అమ్మాయికి ఎప్పుడూ చెప్పని ఒక సంగతి ఆ రాత్రి చెప్పాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మామూ కువైట్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చాడు. ఒక నవంబరు రాత్రి రేడియోలో నాయుడుగారి పాత కచేరీ వేశారు. అబ్బా కొత్త క్యాసెట్ కొని, కొట్టు పెందలాడే మూసి, అరగంట సేపు రేడియో ముందు కదలకుండా కూర్చుని రికార్డ్ చేశారు. అమ్మీ గిన్నెల చప్పుడు కూడా చెయ్యలేదు. అయిపోగానే వాచీల పట్టకారుతో క్యాసెట్ వెనక ఉండే రెండు చిన్న రెక్కలూ విరిచేశారు. అలా విరిస్తే దాని మీద మళ్లీ రికార్డ్ చెయ్యలేరు. ఆ కాలం పిల్లలందరికీ తెలుసు. ఆ కన్నాల మీద కాగితం అంటిస్తే మళ్లీ చెయ్యొచ్చని కూడా తెలుసు.

మా బడి వార్షికోత్సవం వచ్చింది. డాన్సుకి పాటలు కావాలి. ఖాళీ క్యాసెట్ లేదు. కొనమని అడగడానికి నోరు రాలేదు, డాన్సు అంటే అమ్మీ ఒప్పుకోదు. అబ్బా కొట్టుకి వెళ్లాక ఆ క్యాసెట్ తీసి, కన్నాల మీద పట్టీ అంటించి, రేడియోలో వచ్చిన సినిమా పాటలు రికార్డ్ చేసుకున్నాను. తెలియక చేశానని అనలేను. రెక్కలు విరిచింది ఎందుకో నాకు తెలుసు.

రెండు రోజుల తర్వాత మగ్రిబ్ అయ్యాక అబ్బా ఆ క్యాసెట్ పెట్టారు. సినిమా పాట వచ్చింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన ఆపలేదు. మొదటి పాట, రెండోది, తర్వాత ఇంకొన్ని. పంతొమ్మిది నిమిషాలు. తర్వాత టక్‌మని ఒక చప్పుడు, ఫిడేలు రాగం మధ్యలోంచి, సగం తీసిన కమాను మీద నుంచి మొదలైంది. పదకొండు నిమిషాలు. అయిపోయాక క్యాసెట్ బయటకు తీసి, నేనంటించిన పట్టీ మీద బొటనవేలితో ఒకసారి రాశారు. నన్ను పిలుస్తారని, కొడతారని ఎదురు చూశాను.

"ఆఖరి పాట సుశీలగారిది. ఆవిడా మన కాలేజీలో చదువుకున్న అమ్మాయే," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. అంతే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఎప్పుడూ రాలేదు. నేను మాఫీ అడగలేదు. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూనే పెళ్లయింది, పిల్ల పుట్టింది, అబ్బా కళ్లు మసకబారాయి, కొట్టు మూసేశారు. కళ్లు పోయాక ఇంకా ఎక్కువ వినేవారు. ఆ క్యాసెట్ కూడా వినేవారని అమ్మీ చెప్పింది. పాటల్ని ముందుకు తిప్పేవారు కాదట.

నాయుడుగారివి ఇప్పుడు ఫోన్లో ఎన్నో దొరుకుతాయి. ఆ రాత్రి రేడియోలో వేసింది మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు.

సందూక్ ఇంటికి తెచ్చుకున్న రోజు ఆ క్యాసెట్ వెతికాను. పట్టీ అలాగే ఉంది, పసుపుపచ్చగా మారింది. అట్ట మీద అబ్బా ఉర్దూ దస్తూరీ, నల్ల సిరాతో: ద్వారం. దాని కింద వేరే సిరాతో, తర్వాతెప్పుడో రాసిన ఒక్క మాట: బాకీ.

ఉర్దూలో ఆ మాటకు మిగిలింది అని అర్థం. పదకొండు నిమిషాలు మిగిలాయి కదా, అదే రాసుకుని ఉంటారు. కానీ కొట్టు ఖాతా పుస్తకంలో, వాచీ బాగుచేయించుకుని పైసలివ్వకుండా తిరిగేవాళ్ల పేర్ల పక్కన కూడా అబ్బా ఇదే మాట రాసేవారు. ఏ అర్థంతో రాశారో నేనెవరిని అడగను?

మొన్న రంజాన్‌కి భాయీజాన్ వచ్చాడు. ఇఫ్తార్ అయ్యాక లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ సందూక్‌కి చెద పట్టకుండా చూస్తున్నావా?" అని అడిగాడు. చూస్తున్నానన్నాను. ఇంకేమీ అనలేదు.

మా అమ్మాయి ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. "అమ్మీ, ముందున్న సినిమా పాటలు కోసేసి ఫిడేలు ఒక్కటే ఉంచనా?" అని అడిగింది.

వద్దన్నాను. నానా విన్నట్టే ఉంచమన్నాను.