అమీర్‌పేట మిద్దెలు – కుందేటి యెరువు

భాగ్యనగరమునకు ఉద్యోగము కొఱకో చదువు కొఱకో వచ్చిన తెలుగువారిలో అమీర్‌పేట నెఱుగనివా రరుదు. కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు, వసతిగృహములు, బట్టల దుకాణములు, టిఫిను బండ్లు ఒకదాని నొకటి త్రోసికొనుచు నిలిచిన తావిది. 2017 నవంబరులో మెట్రో రైలు నడువ నారంభించినది మొదలు, రెండు మార్గములు కలియు కూడలియై సందడి యినుమడించినది. ఇట్టి చోట తోట లెక్కడివని సోదరీమణులు నవ్వవచ్చును. కాని రైలు ఎత్తైన వంతెనపై సాగునప్పుడు కిటికీనుండి క్రిందికి చూచినచో సందేహము తీరును. నీళ్ళ ట్యాంకుల నడుమ సొరపందిళ్ళు, బీరపాదులు, గులాబి కుండీలు అచ్చటచ్చట పచ్చగా కన్పట్టును. ఇచ్చటి తోటలు నేల విడిచి మిద్దె లెక్కినవి.

మిద్దె యెక్కిన తోటకైనను మట్టి క్రిందినుండియే రావలెను గదా. ఈ ప్రాంతపు మట్టి యెఱ్ఱనిది. అమీర్‌పేట తరువాతిది పంజగుట్ట స్టేషను. దాని తరువాతిది ఎర్రమంజిల్. నిజాముల కాలమున నవాబు ఫక్రుల్ ముల్క్ అచ్చటి గుట్టపై భవనము కట్టించెను. ఆ గుట్టను తెలుగువారు ఎఱ్ఱనేలనుబట్టి పిలిచెడివారనియు, పారసీకమున ‘ఇరమ్’ అనగా స్వర్గము గనుక నవాబు రెంటికిని పొత్తు కుదురునట్లు తన భవనమునకు పేరిడెననియు చెప్పుదురు. ఎఱ్ఱమట్టి నీటిని నిలువనీయదు, వేళ్ళకు గాలి నిచ్చును. ఇది దాని గుణము. నత్రజనియు, ఆకు అలము క్రుళ్ళగా నేర్పడు సారమును తక్కువ; ఇది దాని లోపము. కుండీలో నీ లోపము త్వరగా బయటపడును. పోసిన నీరు అడుగు రంధ్రమునుండి కారునపుడెల్ల సారమును కొంత వెంటగొనిపోవును. రెండు మూడేండ్లకు మట్టి గట్టిపడి, వంగమొక్క ఎదుగక, ఆకులు పాలిపోవును. ఎరువు లేనిదే మిద్దెతోట నిలువదు.

పల్లెలో నీ చింత లేదు. దొడ్డిలో పసులుండును; పెరట పెంటకుప్ప యుండును. తెలంగాణపు రైతులు గొఱ్ఱెల మందను రాత్రులు పొలమున నిలిపించుకొని, కాపరికి ధాన్యమో రొక్కమో యిచ్చుట నేటికిని గలదు. నాలుగంతస్తుల యింటిపైకి గేదెను ఎక్కింపజాలము; కొన్న పేడయెరువు బస్తాను ఎక్కించుటయే ప్రయాస. అందుచే గొఱ్ఱె పెంటికకు చిన్న చెల్లెలివంటిదైన కుందేటి పెంటికను కొందఱు గృహిణులు నమ్ముకొనుచున్నారు.

పంజగుట్టకు సమీపమున నొక సందులోని మిద్దెపై మేము దీనిని కన్నులార చూచితిమి. ఆ యింటి గృహిణి నడివయస్సు దాటినది. పిల్లల ముచ్చటకై తెచ్చిన కుందేళ్ళు రెండు ఇనుపజాలి గూటిలో నున్నవి. గూటి క్రింద రేకుపళ్ళెము. అందు శనగగింజలంతేసి గుండ్రని పెంటికలు. మూత్రము తడిసిన చోటఁ దప్ప దుర్వాసన లేదు. “మొదట్లో వీటిని చెత్తబండిలోనే వేసేదాన్నమ్మా. తరవాత ఒకసారి మల్లెకుండీలో వేసి చూశాను” అని యామె మల్లెను చూపినది. చిగురు నిగనిగలాడుచుండెను.

ఈ యెరువున కింత బలమేల? కుందేలు మెత్తని ముద్దలు కొన్ని విసర్జించి, వానిని తానే వెంటనే తినివేయును. ఇట్లు మేత రెండుమార్లు జీర్ణమైన పిదప వెలువడు గట్టి గుళికలే మనకు దొరకునవి. అందు నీరు తక్కువ, సారమెక్కువ. నూటికి సుమారు రెండు పాళ్ళు నత్రజనియు, ఒక పాలు భాస్వరమును ఉండును. పచ్చి ఆవుపేడలో నీరే యెక్కువగుటచే నత్రజని అరపాలు మాత్రమే. కోడిపెంట పచ్చిదిగా వేసినచో మొక్క మాడును. కుందేటి పెంటిక మెల్లగా కరగుటచే మాడ్చదు.

కావున పూలమొక్కలకు నేరుగా వేయవచ్చును. అడుగు వెడల్పు కుండీకి నెలకొకమారు రెండు పిడికిళ్ళు చాలును. మొదలునకు తగులనీయక చుట్టును చల్లి, పైమట్టిని గుల్లచేసి కలిపి నీరు పోయవలెను. ఎక్కువ వేసిన మేలని తలపరాదు. నత్రజని మితిమీరినచో టమాటా, వంగ ఆకులు దట్టమై కాపు తగ్గును.

తినెడు కూరలయెడ జాగ్రత్త వలయును. మొక్కను మాడ్చదన్నంత మాత్రాన పెంటికలో రోగక్రిములు లేవనరాదు. పచ్చిపెంట వేసిన మట్టిని తాకు పంటను 120 దినములు గడువక కోయరాదని అమెరికా దేశపు సేంద్రియ వ్యవసాయ నియమము. మన పాలకూర, తోటకూర, కొత్తిమీర నెల నెలన్నరలోనే కోతకు వచ్చును. కావున ఆకుకూరలకు పెంటికలను మాగవేసియే వాడవలెను. రంధ్రములు పొడిచిన పాత డ్రమ్ములో ఎండుటాకు లొక పొర, పెంటిక లొక పొర వేసి, పిండిన గుడ్డవలె తడిగా నుంచి, వారమున కొకమారు కలియబెట్టినచో రెండు మూడు నెలలకు మట్టివాసన గల నల్లని యెరువగును. వానపాములను చేర్చిన మఱియు మేలు. పని ముగియగనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను; ఆకును చక్కగా కడిగి వండవలెను. పెంపుడు కుక్క, పిల్లుల మలమును కూరతోటకు ఎన్నడును వాడరాదు.

ఇంతవఱకు మొక్కమాట, ఇక ప్రాణిమాట. ఆ గృహిణి యింట మొదట మూడు కుందేళ్ళుండెనట. ఒక మేనెల మధ్యాహ్నము రేకులకప్పు క్రింద నున్న మూడవది వగర్చి వగర్చి సాయంకాలమునకు ప్రాణము విడిచెనట. “మొక్క బాగుంది, మరి కుందేలేదీ అని మా మనవరాలు అడిగితే ఏం చెప్పనమ్మా?” అని యామె కన్నులు తుడుచుకొనెను. కుందేలునకు మనవలె చెమట పట్టదు. చెవులనుండియే వేడిని కొంత బయటికి పంపుకొనును. 30 డిగ్రీలు దాటగనే దానికి బాధ మొదలగును. భాగ్యనగరపు వేసవిలో 40 డిగ్రీలు సామాన్యము. మిద్దెపై కాంక్రీటు వేడి వేఱుగ చెప్పవలెనా? ఇప్పుడామె మార్చి మొదలు జూను వఱకు గూటిని క్రింది యంతస్తున గాలి వీచు వరండాలోనికి దింపించుచున్నది. జాలిపై పాదములు పుండ్లు పడకుండ చెక్కపలక వేసినది. ఎల్లవేళల నీరు, గరిక, ఎండుగడ్డి యుంచును. అమీర్‌పేటనుండి మెట్రోలో మూడు స్టేషన్ల దూరమున నున్న ఎఱ్ఱగడ్డ రైతుబజారునుండి ముల్లంగి యాకులు తెచ్చి కొలదిగా వేయును.

కావున ఎరువు కొఱకై కుందేళ్ళను కొనుడని మేము చెప్పము. ఇంట నిదివఱకే యున్నవారు పెంటికలను చెత్తపాలు చేయకుందురుగాక. లేనివారు పొరుగింట నడిగి తెచ్చుకొని, బదులుగా గుప్పెడు గరికయో నాలుగు వంకాయలో ఇచ్చి రావచ్చును. అమీర్‌పేటలో గోడకు గోడ యానియున్నను, ఒకరి పేరొకరికి తెలియని యిండ్లనేకము. బుట్టెడు పెంటిక యా తలుపు తట్టించినచో కూరతోపాటు చెలిమియు పండును. అయితే ఒక్క మాట మఱువరాదు: మూగజీవికి నీడయు నీరును ముందు, మొక్కకు ఎరువు ఆ తరువాత.