గిరాకీ తగ్గిన విద్య

మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే మా అందరినీ తొలిచే భయం ఒకటే. నేర్చుకున్న విద్యకు రేపు గిరాకీ ఉంటుందా? కొత్త టూల్ రాగానే ఏళ్ల అనుభవం పాతబడిపోతుంది. ఈ భయాన్ని ఎలా చూడాలో నాకు నేర్పింది, రాతి మీదో రాగిరేకు మీదో బొమ్మ వేసి అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్ చరిత్ర.

చాలాకాలం ఈ విద్య ముఖ్యంగా నకళ్ల కోసమే బతికింది. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ తన నాటకాలను చౌకగా అచ్చువేసుకునే దారి వెతుకుతూ రాతి అచ్చును, అంటే లిథోగ్రఫీని కనిపెట్టాడు. నూనె, నీరు కలవవన్నదే దాని కిటుకు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టి, రాతి అచ్చుతో లక్ష్మీ సరస్వతులను సామాన్యుల పూజగదుల్లోకి పంపాడు. ఫోటోగ్రఫీ, ఆఫ్‌సెట్ ముద్రణ స్థిరపడ్డాక వ్యాపారానికి ఆ రాతితో, రాగిరేకుతో పనిలేకుండా పోయింది. ఆఫ్‌సెట్ నడిచేది మాత్రం ఆ నూనె, నీటి సూత్రం మీదే.

వ్యాపారం వదిలేసిన ఆ రేకును చేతిలోకి తీసుకున్నవాళ్లలో మన తెలుగువాడు కృష్ణారెడ్డి ఒకరు. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో కళాకారుడు హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో చేరారు. శిల్పి కాబట్టి రేకును వేర్వేరు లోతుల్లో చెక్కారు. గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది, మెత్తనిది లోతుల్లోకి దిగుతుంది. ముందు పూసిన పలుచని సిరా, తర్వాత వచ్చే చిక్కని సిరాను అంటనివ్వదు. ఈ గుణాలన్నీ కలిపి వాడుకుని, ఆయన, సహచరులు ఒకే రేకు నుంచి ఒకే ఒత్తిడితో ఎన్నో రంగులు రప్పించారు. ఎన్ని ప్రతులు తీయాలన్న ఒత్తిడి తొలగిన చోటే, రేకుతో ఇంకేం చేయవచ్చన్న ప్రశ్నకు తీరిక దొరికింది.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ కూడా, ఆమ్లంతో రేకుపై గీతలు తెప్పించే ఎచింగ్‌లోనే తన ఊరి మనుషులకు, మేకలకు రూపమిచ్చారు. ఆ తర్వాత ఇక్కడే గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో పాఠాలు చెప్పారు.

గిరాకీ పోయిన ప్రతి పనీ కళ అయిపోదు. జీతం మీద బతికేవాళ్లకు గిరాకీ చిన్న విషయమూ కాదు. అయినా సిరా స్వభావాన్ని లోతుగా ఎరిగినవాళ్లకే పాత రేకులో కొత్త దారి కనిపించింది. అందుకే మా టీమ్‌లో చేరే పిల్లలకు నేనిప్పుడు చెప్పేది ఇదే: టూల్ వాడటం నేర్చుకోండి, అది ఏ సూత్రం మీద నడుస్తుందో అంతకన్నా శ్రద్ధగా నేర్చుకోండి. టూల్ పోయిన రోజున మీ దగ్గర ఉండేది ఆ సూత్రమే.