తాళం లేని పెట్టె

2013 జూన్‌లో ఆరో తరగతిలో చేర్పించడానికి మా నాన్న నన్ను మన హాస్టల్‌కు తీసుకొచ్చిన రోజు నాకింకా బాగా గుర్తుంది. దారిలో బజారులో ఒక ట్రంకు పెట్టె కొన్నాడు. దాంతోపాటు ఒక తాళం కూడా కొన్నాడు. పెట్టెలో ఉన్నది రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పళ్లెం, గ్లాసు, అమ్మ చేసిచ్చిన వేరుశనగ ఉండలు. "తాళం చెవి మొలతాడుకి కట్టుకోరా, పోగొట్టుకోకు" అని రెండుసార్లు చెప్పి నాన్న బస్సెక్కాడు.

మా గదిలో ఇరవై మందిమి. ఇరవై పెట్టెలు, ఇరవై తాళాలు. అయినా నా ఉండలు మూడో రోజుకే అయిపోయాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. పక్కవాడు రాత్రి అమ్మ కోసం ఏడుస్తుంటే నేనే పెట్టె తీసి వాడికిచ్చాను. వాడికిచ్చాక మిగతావాళ్లకూ ఇవ్వక తప్పలేదు.

మన హాస్టల్లో ఇంకో తాళం కూడా ఉండేది. స్టడీ హాలులో ఆకుపచ్చ రంగు ఇనుప బీరువా ఒకటి, దాని నిండా పుస్తకాలు. అద్దంలోంచి వాటి పేర్లు చదువుకునేవాళ్లం తప్ప ఐదేళ్లలో ఒక్క పుస్తకం చేతితో పట్టుకోలేదు. "మీరు చింపేస్తారు, తనిఖీకి వచ్చినవాళ్లు లెక్క అడిగితే నేను కట్టాలి" అనేవారు అప్పటి సారు. ఆయన చెప్పినదాంట్లోనూ నిజం లేకపోలేదు. ఆయన జీతం ఆయన భయం.

మిత్రులారా, ఈ వ్యాసం తాళాల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, తాళం వేయకుండా అమ్మిన కంప్యూటర్ ఆటల గురించి. "ఎం.సి.ఏ. దాకా చదివి వార్షికోత్సవ సంచికలో ఆటల గురించి రాస్తావా" అని నవ్వుకోకండి. దయచేసి చివరిదాకా చదవండి.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో నాకొక ఆట ఇచ్చాడు. పేరు బాల్డర్స్ గేట్. కెనడాలోని బయోవేర్ అనే కంపెనీ 1998 డిసెంబరులో విడుదల చేసిన పాత ఆట. అందులో మనమే ఒక పాత్రను తయారు చేసుకోవాలి. వీరుడా, మాంత్రికుడా, దొంగా అన్నది మన ఇష్టం. దారిలో కలిసినవాళ్లలో ఐదుగురిని తోడు తీసుకుని, పైనుంచి చూస్తున్నట్టుండే పటం మీద ఊళ్లూ అడవులూ తిరగాలి. చందమామలో జానపద కథ చదువుతూ మధ్యలో మనమే లోపలికి దూరినట్టుంటుంది.

ఆ కథ మొదలు నన్ను పట్టేసింది. నాయకుడు తల్లిదండ్రులు లేని పిల్లవాడు. క్యాండిల్‌కీప్ అనే కోటలో పెరుగుతాడు. ఆ కోట అసలు పెద్ద గ్రంథాలయం. మొదట్లో వాడు చేసేవన్నీ చిల్లర పనులే. సామాన్ల కొట్టులో ఎలుకల్ని చంపడం కూడా అందులో ఒకటి. మన స్టోర్ రూములో బియ్యం బస్తాల దగ్గర ఎలుకల వెంట పడ్డ రోజులు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత ఒక రాత్రి పెంచిన తండ్రి వాణ్ణి బయటికి తీసుకెళతాడు. దారిలో శత్రువులు ఆయన్ని చంపేస్తారు. అక్కణ్ణుంచి వాడు ఒంటరి.

నాది క్రాక్ చేసిన కాపీ. ఆట సగంలో ఒకచోట ఆగిపోయింది, మళ్లీ కదల్లేదు. అంతేకాదు, ఆ పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ నా సెమిస్టర్ ప్రాజెక్టు ఫైళ్లను తినేసింది. వారం రోజులు నిద్ర మానుకుని మళ్లీ రాశాను. తప్పు ఎవరిదని అంటే ఏం చెప్పను? డబ్బు పెట్టకుండా తీసుకున్నది నేనే కదా.

పీజీలో చేరాక సాఫ్ట్‌వేర్ హక్కుల మీద సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు చదివిన విషయాల్లో ఒకటి ఈ ఆటతోనే ముడిపడి ఉంది. అది పోలండ్ దేశం కథ.

1994 దాకా పోలండ్‌లో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను కాపాడే చట్టమే లేదు. రాజధాని వార్సాలో బజారు బల్లల మీద కాపీ ఆటలు బహిరంగంగా అమ్మేవారు. మార్చిన్ ఇవిన్‌స్కీ అనే కుర్రవాడు హైస్కూల్లో ఉండగా అలాంటి బజారులోనే ఆటలు అమ్మాడు. 1994లో తన స్కూలు స్నేహితుడు మిహౌ కిచిన్‌స్కీతో కలిసి సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ పెట్టి, విదేశీ ఆటలను చట్టబద్ధంగా తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. పక్క బల్ల మీద సగం ధరకే కాపీ దొరుకుతుంటే అసలు సరుకు ఎవరు కొంటారు?

1999లో వాళ్లు బాల్డర్స్ గేట్‌ను పోలిష్ భాషలోకి తెచ్చారు. పేరున్న నటులతో మాటలు చెప్పించారు. ఐదు సీడీలతోపాటు పెట్టెలో ఒక పటం, నియమాల పుస్తకం, పాటల సీడీ కూడా పెట్టారు. దొంగ కాపీ కొనేవాడికి అవేవీ దొరకవు. పైగా తన భాషలో, తనకు తెలిసిన గొంతులతో ఆట దొరుకుతోంది. మొదటి రోజే 18,000 పెట్టెలు పంపామని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. దొంగను తిట్టి కాదు, కొన్నవాడికి గౌరవం ఇచ్చి వాళ్లు గెలిచారు.

2007లో వాళ్లే సొంతంగా ఒక ఆట తయారు చేశారు. అదే విచర్. అంజేయ్ సప్‌కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత కథల్లోని రాక్షసుల వేటగాడు అందులో నాయకుడు. 2008లో పాత ఆటలను ఇంటర్నెట్‌లో అమ్మడానికి గాగ్ అనే దుకాణం తెరిచారు. దాని నియమం ఒక్కటే. ఇక్కడ కొన్న ఆటకు తాళం ఉండదు.

ఇక్కడ తాళం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. కంప్యూటర్ వాళ్లు దాన్ని డీఆర్‌ఎం అంటారు. కొన్ని ఆటలు సీడీ లోపల పెడితేనే నడుస్తాయి. కొన్ని ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్‌ను అడిగి, అది సరేనంటేనే తెరుచుకుంటాయి. ఆ కంపెనీ కంప్యూటర్ ఆగిపోతే మనం కొన్న ఆట కూడా ఆగిపోతుంది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఒకరకం పాత సీడీ తాళాలను అది నడవనివ్వలేదు. దాంతో డబ్బిచ్చి కొన్నవాళ్ల ఆటలు తెరుచుకోలేదు. తాళం తీసేసిన దొంగ కాపీకి ఆ బాధ లేదు. ఎంత విచిత్రమో చూడండి, తాళం నిజాయితీపరుణ్ణే బయట నిలబెట్టింది.

2011 మే 17న విచర్ రెండో భాగం విడుదలైంది. గాగ్‌లో అమ్మినదానికి తాళం లేదు. దుకాణాల్లో డిస్కుగా అమ్మినదానికి తాళం ఉంది. తాళం లేనిదాన్నే ముందు కాపీ కొడతారని అందరూ అనుకున్నారు. గాగ్ వాళ్లు తర్వాత చెప్పినదాని ప్రకారం, ముందుగా దొంగ కాపీ అయింది తాళం ఉన్న డిస్కే. ఆ తాళం వల్ల ఆట నెమ్మదిస్తోందని కూడా తేలింది. ఆ నెల చివర్లోనే కంపెనీ ఒక సవరణ విడుదల చేసి, డిస్కు కొన్నవాళ్లకు కూడా తాళం తీసేసింది.

వాళ్లు దేవుళ్లని చెప్పడం లేదు. అదే ఏడాది చివర్లో జర్మనీలో ఆటను కాపీ కొట్టారనుకున్నవాళ్లకు డబ్బు కట్టమని లాయర్ల చేత ఉత్తరాలు పంపించారు. ఏ తప్పూ చేయనివాళ్లకు కూడా అవి వెళ్లే ప్రమాదం ఉందని అభిమానులు కోప్పడ్డారు. 2012 జనవరిలో ఆ ఉత్తరాలు ఆపేశారు. నమ్మకం పెట్టుకోవడం ఒక్క రోజు పని కాదు, మధ్యలో మనసు మారుతూనే ఉంటుంది. అయినా 2015 మే 19న మూడో భాగం వచ్చినప్పుడు గాగ్‌లో మొదటి రోజు నుంచే తాళం లేకుండా అమ్మారు. 2023 నాటికి ఆ ఆట అన్నిచోట్లా కలిపి 5 కోట్ల కాపీలు దాటింది. అందులో ఎక్కువ భాగం ఇతర దుకాణాల్లో అమ్ముడైనవే కాబట్టి అదంతా తాళం లేకపోవడం గొప్పతనం అనను. తాళం తీసినంత మాత్రాన మునిగిపోలేదు అని మాత్రం చెప్పగలను.

సెమినార్ అయిన నెలలో ట్యూషన్ డబ్బులతో నేను గాగ్‌లో బాల్డర్స్ గేట్ కొన్నాను. 2012లో దాన్ని కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు మెరుగుపరిచి మళ్లీ విడుదల చేశారు. జీవితంలో నేను డబ్బిచ్చి కొన్న మొదటి సాఫ్ట్‌వేర్ అది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కంటికి కనిపించని వస్తువుకు డబ్బు పెట్టిన మొదటివాణ్ణి కూడా నేనే. "చేతికేమీ రాలేదు కదరా, ఏం కొన్నావు?" అని అమ్మ అడిగింది. "ఒకళ్ల కష్టం కొన్నానమ్మా" అన్నాను. కూలి డబ్బులు ఆలస్యమైతే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టి ఇంకేమీ అనలేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఆదివారాలు మన హాస్టల్‌కు వచ్చి పదో తరగతి పిల్లలకు కంప్యూటర్ చెబుతున్న సంగతి మీలో కొందరికి తెలుసు. ఒక ఆదివారం ఈ ఆట చూపించి, పోలండ్ కథ కూడా చెప్పాను. మరుసటి వారం ఒక తమ్ముడు పెన్‌డ్రైవ్ తెచ్చాడు.

"అన్నా, ఇందులో ఎక్కించి ఇవ్వన్నా. మా బాబాయి సెల్ షాపులో సిస్టమ్ ఉంది."

నేను ఆలోచించకుండా ఒక అబద్ధం చెప్పాను. "కుదరదురా, దానికి తాళం ఉంటుంది."

వాడు నా మొహంలోకి చూసి, "తాళం లేదని పోయిన వారం నువ్వే చెప్పావు కదన్నా" అన్నాడు.

తలెత్తలేకపోయాను. అప్పటి సారు బీరువా ముందు నిలబడి చెప్పిన మాటకూ, నేను చెప్పిన మాటకూ ఏం తేడా? పిల్లల మీద నమ్మకం లేక నేను లేని తాళాన్ని కూడా తగిలించాను.

అప్పుడు అందరినీ కూర్చోబెట్టి నిజం చెప్పాను. "తాళం లేదు. కాపీ చేస్తే నిమిషంలో అయిపోతుంది. నేను కూడా ఒకప్పుడు కాపీ ఆటే ఆడాను. కానీ కొనేటప్పుడు ఇది నా వరకే వాడుకుంటానని ఒప్పుకున్నాను. నన్ను ఆపేది ఆ మాట ఒక్కటే. మీరు ఆడాలంటే నా ల్యాప్‌టాప్ ఇదిగో. ఆదివారం క్లాసు అయ్యాక అరగంట చొప్పున వంతులు."

ఆరోజు నుంచి వంతులు సాగుతున్నాయి. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఒకడు చదివితే ఇంకొకడు డిక్షనరీ చూస్తాడు, మూడోవాడు కత్తి తిప్పుతాడు. గ్రామర్ పుస్తకంతో రాని ఇంగ్లీషు కొంత ఇలా వచ్చింది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం ఒక తమ్ముడు ఒంటరిగా వచ్చి నిలబడ్డాడు. నేను టీకి వెళ్లినప్పుడు ఆట కాపీ చేసుకున్నానని చెప్పాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ వాడు దొరికిపోలేదు, వాడంతట వాడే వచ్చాడు. "మరి ఎందుకు చెప్పావురా?" అని అడిగాను. "నువ్వు ల్యాప్‌టాప్ వదిలేసి వెళ్లావు కదన్నా" అన్నాడు. వాడు దాన్ని చెరిపేశాడో లేదో నేను అడగలేదు. మరుసటి వారం కూడా ల్యాప్‌టాప్ అక్కడే పెట్టి టీకి వెళ్లాను. మనసులో కొంచెం గుబులుగానే ఉంది. కానీ వెళ్లాను.

ఆ సంఘటన తర్వాతే పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఇప్పటి వార్డెన్ గారిని బీరువా తాళం తీయమని అడిగాం. "పుస్తకాలు పోతే?" అన్నారు. "పోయినవి మేం కొనిస్తాం సార్" అని కాగితం మీద రాసిచ్చాం. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. బీరువాకు ఒక నోటు పుస్తకాన్ని దారంతో కట్టాం. తీసుకున్నవాడు పేరు రాసుకోవాలి, అంతే. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే 140 పుస్తకాల్లో ఆరు కనిపించలేదు. వాటిలో రెండు ఎవరో రాత్రిపూట తిరిగి తెచ్చిపెట్టారు. మిగతా నాలుగూ మేం కొనిచ్చాం. ఐదేళ్లు తాళం వెనక ఉన్నప్పుడు ఒక్కటీ పోలేదు, నిజమే. ఒక్కటీ ఎవరూ చదవనూ లేదు.

బాల్డర్స్ గేట్‌లో చివరి భాగానికి దగ్గర పడ్డప్పుడు నాయకుడు తను పెరిగిన క్యాండిల్‌కీప్‌కు తిరిగి వెళ్లాల్సి వస్తుంది. అక్కడొక నియమం ఉంది. లోపలికి రావాలంటే విలువైన పుస్తకం ఒకటి తెచ్చి ఇవ్వాలి. అక్కడే పెరిగినవాడికి కూడా మినహాయింపు లేదు.

అన్నయ్యలారా, మీకు నా విన్నపం కూడా అదే. ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్క పుస్తకం తీసుకురండి. పాతదైనా ఫరవాలేదు. బీరువాలో మీరే పెట్టండి. తాళం చెవి కోసం ఎవరినీ అడగనక్కర్లేదు.

తమ్ముళ్లారా, ఆ నోటు పుస్తకంలో మీ పేర్లు రాస్తూ ఉండండి. అది నిండితే కొత్తది నేను తెస్తాను.

— మీ అన్నయ్య,
ఎం.సి.ఏ., పూర్వ విద్యార్థి (2013–18)