కృతజ్ఞతల పేజీ

మొన్న రాత్రి మా మాదిగపల్లె తమ్ముడొకడు ఫోన్ చేశాడు. రాళ్లు ఎలా పగులుతాయన్నది అతని పీహెచ్‌డీ. "అన్నా, కృతజ్ఞతల పేజీ తెలుగులో రాశా, తప్పులుంటే దిద్దు" అన్నాడు.

మొదటి వాక్యం: "గ్రానైట్ క్వారీలో రాళ్లు కొట్టిన మా నాన్నకు."

"ఇది ఉంచాలా అన్నా? థీసిస్‌కి హుందాగా ఉండదంటున్నారు ల్యాబులో."

ముందు నీ పరిశోధనేంటో చెప్పమన్నాను. రాయిని నొక్కితే ఎంతో బరువు మోస్తుందట. లాగితే మాత్రం అందులో సుమారు పదో వంతు బలానికే విడిపోతుందట. 1920లో గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు గాజు మీద పరీక్షలు చేసి కారణం చెప్పాడు. లోపల కంటికి కనపడని సన్న పగుళ్లు ముందే ఉంటాయి. వాటి కొసల దగ్గర ఒత్తిడి పోగవుతుంది. విరగడం అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు రాయికి సెన్సర్లు అతికించి, విరగకముందు లోపల పుట్టే చిటపటలు వింటారట.

నాకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. బాబాయి సుత్తితో రాయిని తట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగున మోగితే గట్టి రాయి. డొల్లగా పలికితే లోపల పగులుంది. వరసగా బెజ్జాలు తొలిచి, ఇనుప చీలలు పెట్టి, ఒక్కోదాన్నీ సమంగా కొట్టుకుంటూ పోయేవాడు. చీల రాయిని రెండు పక్కలకీ తోస్తుంది, అంటే లాగుతుంది. గీత గీసినట్టు చీలేది. గ్రిఫిత్ పేరు ఆయనకి తెలీదు. ఆయన్ని అందరూ కూలీ అనే అన్నారు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌తో పోయాడు.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. నా థీసిస్‌లో మా అమ్మని "గృహిణి" అని రాశాను. అమ్మ నాట్లేసింది, కలుపు తీసింది, మిరపకాయలు కోసింది. ఆ కూలి డబ్బులతోనే తెలుగు సాహిత్యంలో డాక్టర్నయ్యాను. సిగ్గుపడి రాసిన ఆ మాట లైబ్రరీలో ఇంకా అలాగే ఉంది.

"ఉంచు తమ్ముడూ. కాకపోతే 'కొట్టిన' బదులు 'రాయి ఎక్కడ పగులుతుందో తెలిసిన మా నాన్నకు' అని రాయి" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "కొట్టాడు కూడా కదన్నా. రెండూ రాస్తా."

గౌరవం ఇస్తున్నాననుకుంటూ, నేను మళ్లీ ఆ కష్టాన్నే చెరిపేయబోయాను.

థీసిస్ రాస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ ఒక్క పేజీకి గైడు సంతకం అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

జై భీమ్.